నాలుగేళ్లు జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌తో: మా అనుభవం

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే, హైస్కూల్ పిల్లలున్న ఇంట్లో ‘హోప్’ అనే రాష్ట్ర స్కాలర్‌షిప్ మాట రాకుండా ఉండదు. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో నాలుగేళ్లూ దానికి పైమెట్టు అయిన జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ మీదే చదివింది. ఈమధ్యే డిగ్రీ చేతికొచ్చింది కాబట్టి మేము చూసింది రాస్తున్నాను.

మెరిట్ స్కాలర్‌షిప్‌లన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. హోప్, జెల్ మిల్లర్ రెండూ యూనివర్సిటీలు ఇచ్చేవి కావు, రాష్ట్రం ఇచ్చేవి. హోప్ 1993లో లాటరీ డబ్బుతో మొదలైంది. హైస్కూల్ కోర్ సబ్జెక్టుల్లో 3.0 జీపీఏ (నాలుగుకు లెక్కేసే గ్రేడ్ల సగటు) ఉంటే హోప్, 3.7తో పాటు శాట్ పరీక్షలో 1200 ఉంటే జెల్ మిల్లర్. మరికొన్ని నిబంధనలూ ఉన్నాయి గానీ, అర్హత ఉంటే ఎవరితోనూ పోటీ లేదు. యూనివర్సిటీ ఆఫ్ జార్జియా (యూజీఏ) ఇచ్చే ఫౌండేషన్ ఫెలోషిప్, జార్జియా టెక్‌లో స్టాంప్స్ ప్రెసిడెంట్స్ లాంటివి అలా కాదు. వ్యాసాలు, ఇంటర్వ్యూలు దాటి కొద్దిమందికే వస్తాయి. వాటి మీదే ఆశ పెట్టుకుని కాలేజీ ఎంచుకోవద్దు.

జెల్ మిల్లర్ కాలేజీ ట్యూషన్ ఫీజు కడుతుంది. హాస్టల్ గది, తిండి, పుస్తకాలు మనవే. మాకు నెలనెలా తగిలింది అదే.

అసలు టెన్షన్ నిలబెట్టుకోవడంలో ఉంది. 30, 60, 90 క్రెడిట్ల కోర్సులు తీసుకున్నాక, ప్రతి స్ప్రింగ్ సెమిస్టర్ చివర జీపీఏ చూస్తారు, 3.3 ఉండాలి. మొదటి ఏడాది చివర మా అమ్మాయి మార్కుల షీటు మీద 3.2 అని ఉంది. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్ల నాన్న నిబంధనలు మళ్లీ మొదటి నుంచి చదువుతూ ఒకచోట ఆగారు. జాబితాలో ఉన్న సైన్స్, లెక్కల కోర్సుల్లో బీ, సీ, డీ వస్తే ఈ స్కాలర్‌షిప్‌ల జీపీఏ లెక్కలో క్రెడిట్‌కు అర పాయింటు కలుపుతారట. కాలిక్యులస్‌లో బీ, కెమిస్ట్రీలో బీ, రెండూ కలిపి ఎనిమిది క్రెడిట్లు. ముప్పై క్రెడిట్లకు 3.2 చొప్పున ఉన్న 96 పాయింట్లు కాస్తా 100 అయ్యాయి. ముప్పైతో భాగిస్తే 3.33. కాగితం మీద ఆ అంకె చూశాకే పిల్ల అన్నం ముట్టింది.

అందుకే చెబుతున్నాను, అంకెల భయంతో కష్టమైన కోర్సు మానేయకండి. మధ్యలో వదిలేసిన కోర్సు కూడా క్రెడిట్ల లెక్కలో పడుతుంది. మొత్తం 127 క్రెడిట్లు దాటితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఈ సంగతి మాకు మూడో ఏడాదిలో గానీ తెలియలేదు.

మా మరిది పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నారు. ఇద్దరూ మా అమ్మాయి కంటే బాగా చదువుతారు. హోప్‌కు పౌరసత్వమో గ్రీన్‌కార్డులాంటిదో కావాలి. ఆ మాట ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు వాళ్ల కోసం యూనివర్సిటీలు సొంతంగా ఇచ్చేవి ఒక్కొక్కటీ తెరిచి, వీసా షరతు ఉందో లేదో ముందు చూస్తున్నాం. పెద్దవాడు ఈ ఏడాదే అప్లై చేయాలి.