కార్బురేటర్ క్లీనర్ స్ప్రే: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నా బండి ఏడాదిలో చాలా నెలలు కవర్ కిందే ఉంటుంది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ ఉన్న పాత మోడల్, సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్. అలా నిలబెట్టి బయటికి తీస్తే ఒకటే గోల. చోక్ లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ తిరిగి లోపలికి నెట్టగానే ఆగిపోతుంది. రేజ్ చేసి పట్టుకుంటే నడుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే టప్పున ఆరిపోతుంది. దీనికి ఎవరిని అడిగినా ముందు చెప్పేది "కార్బురేటర్ క్లీనర్ కొట్టు" అనే. రెండు మూడు కంపెనీల డబ్బాలు మార్చి మార్చి ఏళ్లుగా వాడుతున్నాను. పనికొచ్చే వస్తువే, కాకపోతే డబ్బా మీద చెప్పిన పద్ధతిలో కాదు.

డబ్బా మీద బొమ్మ ప్రకారమైతే ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజన్ నడుస్తుండగా కార్బురేటర్ మూతిలోకి కొడితే చాలు. కొట్టి చూశాను. మూతి లోపల పట్టిన నల్లటి మసి కరుగుతుంది, ఇంజన్ కాసేపు కాస్త నున్నగా తిరిగినట్టు అనిపిస్తుంది. మర్నాడు మళ్లీ మామూలే. కారణం సింపుల్. నెలల తరబడి నిలబడ్డ బండిలో పూడుకుపోయేది మూతి కాదు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ అందించే పైలట్ జెట్. అది కింద ఫ్లోట్ బౌల్ అనే చిన్న గిన్నెలో, పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. పైన కొట్టిన స్ప్రేకి పూడుకుపోయిన ఆ బొక్కలోకి దూరాల్సిన అవసరమేముంది, ఎదురుగా ఖాళీ దారి ఉన్నప్పుడు? సూటిగా ఇంజన్‌లోకి పోయి కాలిపోతుంది.

పైలట్ జెట్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే విషయం అర్థమైపోతుంది. చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో సుమారు 0.35 మిల్లీమీటర్ల బొక్క. బౌల్‌లో మిగిలిన పెట్రోల్‌లోంచి తేలిక భాగం ఆవిరైపోతే అడుగున పసుపుపచ్చ జిగురు మిగులుతుంది, అది ఎండితే వార్నిష్‌లా గట్టిపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాల్లోని తేమను కూడా పీల్చుకుంటుంది. అందుకే నా జెట్ల మీద జిగురుతో పాటు ఆకుపచ్చ పొట్టు కూడా కనిపిస్తుంటుంది. అంత సన్నటి బొక్కకు మూసుకుపోవడానికి ఎంత జిగురు కావాలి? జెట్‌ని లైటుకు ఎదురుగా పెట్టి కన్ను దగ్గరగా తెచ్చి చూడాలి. గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనబడితే సరే. వంకరగానో, మసకగానో ఉంటే ఇంకా జిగురు ఉన్నట్టే. అసలు కనబడకపోతే చెప్పేదేముంది.

ఈ స్ప్రే విలువ తెలిసేది ఇక్కడే. కార్బురేటర్ దింపి, బౌల్ విప్పి, జెట్లు బయటికి తీశాక అది నిజంగా మంచి పనిముట్టు. డబ్బాతో వచ్చే ఎర్ర గొట్టాన్ని పైలట్ జెట్ కూర్చునే రంధ్రంలో పెట్టి నొక్కితే, త్రాటిల్ (యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే భాగం) పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి ద్రవం దారంలా బయటికి రావాలి. వస్తే దారి బాగున్నట్టు. చుక్కలు చుక్కలుగా వస్తే లోపల ఇంకా ఏదో అడ్డం ఉంది. నన్నడిగితే ఇది శుభ్రం చేసే వస్తువు కన్నా పరీక్ష చేసే వస్తువుగానే ఎక్కువ పనికొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకోకుండా మాత్రం ఈ పని చేయొద్దు. ఒక బొక్కలో కొడితే ఏ బొక్కలోంచి ఎదురు తన్నుతుందో చెప్పలేం, సరిగ్గా ముఖం మీదికే వస్తుంది.

గట్టిపడిన జిగురు మీద మాత్రం స్ప్రే ఒక్కటే సరిపోదు. కొట్టిన ద్రవం నిమిషంలో ఆరిపోతుంది, జిగురు మెత్తబడటానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి. నేను చేసేదేమిటంటే, మూత ఉన్న చిన్న గాజు సీసాలోకి కాస్త స్ప్రే కొట్టి, ఇత్తడి జెట్లు అందులో వేసి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున కరెంటు వైరులోంచి తీసిన ఒకే ఒక్క రాగి పోగుతో మెల్లగా పొడిచి, మళ్లీ స్ప్రే, తర్వాత గాలి కొట్టడం. స్టీలు తీగ, సూది, పిన్నీసు లాంటివి వద్దు. ఇత్తడి మెత్తటిది, బొక్క పెద్దదైతే పెట్రోల్ ఎక్కువై ఇంకో రోగం మొదలవుతుంది.

పెట్రోల్, గాలి పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూ సంగతి కూడా చెప్పాలి. దాన్ని విప్పేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో కాగితం మీద రాసుకోవాలి. బిగేసి తిప్పితే మొన అరిగిపోతుంది. బయటికి వచ్చేటప్పుడు స్ప్రింగు, వాషరు, ఆవగింజంత ఓ-రింగు వెంట వస్తాయి. లేదా రావు, లోపలే అతుక్కుని ఉంటాయి. ఆ ఓ-రింగు తీయకుండా స్ప్రే కొడితే అది ఉబ్బిపోతుంది.

రబ్బరు విషయంలో ఈ స్ప్రేల మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. వీటిలో అసిటోన్, టోలీన్ లాంటి ఘాటైన ద్రావకాలు ఉంటాయి. బౌల్ చుట్టూ ఉండే రబ్బరు సీలు మీద పడితే సాగిపోయి గాడిలో కూర్చోదు. కొన్ని గంటలు ఆరనిస్తే కొంత వెనక్కి తగ్గుతుంది కానీ మునుపటి సైజుకు వస్తుందన్న నమ్మకం లేదు. వాక్యూమ్ డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఉన్న కార్బురేటర్ అయితే మరీ జాగ్రత్త. ఆ పల్చటి పొర పాడైతే బండి స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా) నిలబడుతుంది, రోడ్డెక్కితే పికప్ ఉండదు. ట్యాంకు పెయింట్ మీద పడినా మరక పోదు. ఇంత ముఖ్యమైన హెచ్చరికను డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు.

డబ్బా కొనేముందు అసలు జబ్బు కార్బురేటర్‌లోనే ఉందా అని చూసుకోవడం మంచిది. చోక్ లాగి ఉంచితే నడిచి, లోపలికి నెడితే ఆగడం పైలట్ జెట్ లక్షణం. కొంత దూరం బాగా నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత తెరవగానే మళ్లీ స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ కారుతుంటే బౌల్ నిండాక పెట్రోల్‌ని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుంది. జెట్లు కడిగిన కొద్ది రోజులకే మళ్లీ పూడుకుపోతుంటే ట్యాంకు లోపల తుప్పు రాలుతున్నట్టు, అప్పుడు ఎన్ని డబ్బాలు కొట్టినా దండగే. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఎలుక గూడు కట్టిందేమో కూడా చూడండి, నవ్వులాట కాదు. బ్యాటరీ మీద ఆధారపడే ఇగ్నిషన్ ఉన్న బండ్లలో బ్యాటరీ నీరసించినా మిస్ ఫైర్ వస్తుంది. పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలు ఉంచాక, 12.6 వోల్టులకు అటూ ఇటూగా చూపించాలి. 12 కంటే దిగితే ముందు దాని సంగతి చూడాలి.

స్ప్రేతో ఇంకో వాడకం చాలామంది చెప్తారు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కార్బురేటర్‌ని ఇంజన్‌కి కలిపే ఇన్‌టేక్ రబ్బరు చుట్టూ కొడితే, ఎక్కడైనా పగులు ఉంటే ఆర్‌పీఎం మారుతుంది. పద్ధతి నిజమే, పనిచేస్తుంది. నాకు మాత్రం టెన్షనే. వేడి సైలెన్సర్ పక్కనే నిప్పంటుకునే ద్రవం కొట్టడం నాకు నచ్చదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, రెండు చిన్న దెబ్బలతో సరిపెడతాను.

పెట్రోల్‌లో కలిపే స్టెబిలైజర్ కూడా వాడాను. కొత్త పెట్రోల్‌లో కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా ఇంజన్‌ని కాసేపు నడిపితే చెడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇప్పటికే వాసన మారిన పెట్రోల్‌ని బాగు చేయదు. నా అనుభవంలో అంతకంటే నికరమైనది బౌల్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ. ఫ్యూయల్ కాక్ మూసి, పైపు కింద సీసా పెట్టి, ఆ స్క్రూ విప్పి బౌల్ ఖాళీ చేస్తే ఎండిపోవడానికి లోపల ఏమీ మిగలదు. ట్యాంకు మాత్రం నిండుగా ఉంచుతాను, ఖాళీ ట్యాంకు లోపల తేమ పట్టి తుప్పు మొదలవుతుంది. ఈ అలవాటు పడ్డాక ఒక డబ్బా స్ప్రే నాకు ఇదివరకటి కంటే చాలా ఎక్కువ కాలం వస్తోంది. తయారీదారుకి నచ్చే మాట కాదనుకోండి.

కార్బురేటర్ బండి ఉండి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి వెనకాడని వాళ్లయితే ఒక డబ్బా ఇంట్లో ఉంచుకోండి. మూతిలోకి కొట్టి ఊరుకుందామనుకుంటే కొనడం అనవసరం. కార్బురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే ఇది దాదాపు మీ వస్తువే కాదు. త్రాటిల్ బాడీకి పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప కొట్టొద్దు, ఇంజెక్టర్‌కి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. అలాంటి బండి మొరాయిస్తే తాళం ఆన్ చేసి చెవి పెట్టి వినండి. చాలా మోడళ్లలో పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మంటుంది. ఆ చప్పుడు రాకపోతే బ్యాటరీ, ఫ్యూజు చూడండి, అవి బాగుంటే పంపు పట్టేసిందేమో చూపించుకోండి.