సీటు వదులుకోమంటే ఒప్పుకోవాలా, హక్కు అడగాలా?

"ఈ ఫ్లైట్ ఓవర్‌బుక్ అయింది. తర్వాతి ఫ్లైట్‌లో వెళ్లడానికి ఎవరైనా ముందుకొస్తే వోచర్ ఇస్తాం" అని గేటు దగ్గర మైకులో చెబుతారు. ఓవర్‌బుక్ అంటే ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మేశారన్నమాట. అప్పుడు మనం చేయగలిగినవి రెండు. మనంతట మనమే సీటు వదులుకుని వాళ్లిచ్చేది తీసుకోవచ్చు. లేదంటే కదలకుండా ఉండి, బలవంతంగా ఆపితే నిబంధనల ప్రకారం రావాల్సింది అడగవచ్చు. మీకు ఎంత తొందరుందన్నది ఒక లెక్క. మీరు ఏ దేశపు ఎయిర్‌పోర్టులో ఉన్నారన్నది అంతకంటే పెద్ద లెక్క.

మన దేశంలో అయితే తొందరపడి చెయ్యెత్తకండి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం విమానయాన సంస్థ ముందు స్వచ్ఛందంగా తప్పుకునేవాళ్లను అడగాలి. ఎవరూ రాకపోతేనే కొందర్ని ఆపాలి. టికెట్ కన్ఫర్మ్ అయి, టైముకు వచ్చినవాళ్లను అలా ఆపితే పరిహారం ఇవ్వాలి. అసలు టైముకు గంటలోపు బయల్దేరే మరో విమానంలో పంపిస్తే మాత్రం ఏమీ రాదు. 24 గంటల్లోపు పంపిస్తే ఒకవైపు బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తానికి రెట్టింపు వస్తుంది, కానీ 10,000 రూపాయలు దాటదు. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. అసలు ప్రయాణమే వద్దనుకుంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి, దానిపైన నాలుగు రెట్లు, అక్కడా 20,000 దాకానే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 6,500 పెట్టి టికెట్ కొన్నారనుకుందాం. అందులో ఎయిర్‌పోర్టు ఫీజులు, పన్నులు పోగా బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ కలిపి 4,500 ఉందనుకుంటే, సాయంత్రం విమానంలో పంపించినా మీకు 9,000 రావాలి. అలాంటప్పుడు గేటు దగ్గర 3,000 వోచర్ ఇస్తామంటే ఎందుకు ఒప్పుకోవాలి? పైగా ఆ వోచర్ మళ్లీ వాళ్ల విమానంలోనే వాడాలి, దానికో గడువు. కానీ చివరి నిమిషంలో 15,000 పెట్టి కొన్నవాళ్లకు ఈ పరిమితి చాలా అన్యాయం చేస్తుంది. 10,000 అంటే వాళ్ల టికెట్ ఖర్చు కూడా కాదు. ఈ పరిమితులు 2016లో పెట్టినవి, వీటిని పెంచాలి.

కాగితం మీద ఉన్న హక్కు చేతికి రావడం వేరే కథ. 2022 జూన్‌లో డీజీసీఏ ఎయిరిండియాకు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీల్లో తనిఖీలు చేస్తే, టికెట్ ఉన్నవాళ్లను ఎక్కించుకోకపోవడమే కాక పరిహారం కూడా సరిగా ఇవ్వడం లేదని బయటపడింది. అందుకే గట్టిగా అడగాలంటున్నాను.

అమెరికాలో లెక్క తిరగబడుతుంది. తొందర లేనివాళ్లకు అక్కడ స్వచ్ఛందంగా తప్పుకోవడమే మేలు, కాకపోతే బేరమాడాలి. బలవంతంగా ఆపితే ఆలస్యాన్ని బట్టి ఒకవైపు ఛార్జీకి రెండు రెట్లు లేదా నాలుగు రెట్లు ఇస్తారు. 2025 జనవరి నుంచి వాటి పరిమితులు 1,075 డాలర్లు, 2,150 డాలర్లు. మీ టికెట్ 150 డాలర్లదే అయితే రెండు రెట్లన్నా వచ్చేది 300. తనంతట తాను దిగేవాళ్లకు ఇచ్చేదానికి మాత్రం పై పరిమితి లేదు. సీట్లు దొరకని కొద్దీ రేటు పెరుగుతుంది.

ఆ రేటు పెంచకుండా ఆపేస్తే ఏమవుతుందో 2017 ఏప్రిల్ 9న షికాగోలో ప్రపంచమంతా చూసింది. లూయీవిల్ వెళ్లే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో సంస్థ తన సిబ్బంది కోసం నాలుగు సీట్లు ఖాళీ చేయించాలనుకుంది. 400 డాలర్లన్నారు, తర్వాత 800 అన్నారు. ఎవరూ లేవలేదు. చివరికి అప్పటికే సీట్లో కూర్చున్న ఒక డాక్టరును భద్రతా సిబ్బంది నేలమీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లారు. ఆ తర్వాత యునైటెడ్ తన గరిష్ఠ ఆఫర్‌ను 10,000 డాలర్లకు పెంచింది. ఆ ఒక్క మనిషి అంత అవమానం పడితే గానీ పెరగలేదు, అదే బాధ. బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి లోపలికి పంపాక ఓవర్‌బుకింగ్ పేరుతో దింపకూడదన్న నిబంధన కూడా అక్కడ 2021లో వచ్చింది.

యూరప్‌లో టికెట్ ధరతో పనే లేదు, దూరమే లెక్క. 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, దూరప్రయాణాలకు 600 దాకా. 50 యూరోల టికెట్ కొన్నా ఆ 250 రావాల్సిందే. వేరే విమానంలో పెద్దగా ఆలస్యం లేకుండా చేరిస్తే సగానికి తగ్గించవచ్చు. చెల్లింపు నగదుగానో బ్యాంకు ద్వారానో జరగాలి, మీరు సంతకం పెడితేనే వోచర్. భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ కూడా వాళ్లదే. అందుకే అక్కడ ఆఫర్ ఆ మొత్తాన్ని దాటేదాకా ఒప్పుకోకపోవడమే మంచిది. మూడింట్లో నాకు నచ్చింది ఈ పద్ధతే. చౌక టికెట్ కొన్నవాడి టైము కూడా టైమే కదా.

ఇది పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు బాగా ఉపయోగపడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటప్పుడు ఆపేస్తే, ఏ సంస్థ విమానమైనా సరే, యూరప్ నిబంధన వర్తిస్తుంది. గల్ఫ్ సంస్థలో దోహా, దుబాయ్ మీదుగా వెళ్తూ అక్కడ ఆపేస్తే వర్తించదు. తిరుగు ప్రయాణంలో అమెరికా గేటు దగ్గర అయితే అమెరికా నిబంధన.

ప్రయాణానికి ముందు వాళ్లకు ఒక్క విషయం బాగా చెప్పి పంపండి. కౌంటర్లో కాగితం చేతికిచ్చి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే చదవకుండా, మీకు ఫోన్ చేయకుండా పెట్టొద్దని. అందులో స్వచ్ఛందంగా సీటు వదులుకుంటున్నానని ఉంటే, సంతకం పడగానే పరిహారం హక్కు పోతుంది, వాళ్లు ఇస్తామన్నదే మిగులుతుంది. ఒకవేళ ఒప్పుకున్నా, తర్వాతి విమానంలో ఇచ్చేది కన్ఫర్మ్ సీటా, స్టాండ్‌బైయా (అంటే సీటు ఖాళీ ఉంటేనే ఎక్కించుకుంటారా) అని అడగాలి. హోటల్, భోజనం సంగతి కూడా కాగితం మీద రాయించుకోవాలి. బోర్డింగ్ పాస్ పారేయకూడదు. మన దేశంలో సంస్థ పట్టించుకోకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయవచ్చు, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది.