నగరం అంచు పొలాలకు జేబు ఈసీ మీటర్: ఎంతవరకు పనికొస్తుంది?

కాలనీలు పొలం గట్టు దాకా వచ్చాక చిన్న రైతుకు మొదట దెబ్బ తగిలేది నీటి దగ్గరే. వాన ఇంకే నేల కాంక్రీటు కిందికి పోతుంది, మురుగు కాలువ బావి పక్కకు చేరుతుంది. నీటిలో లవణాలు ఎంత ఉన్నాయో అక్కడికక్కడే చూపే పెన్ను ఆకారపు ఈసీ (విద్యుత్ వాహకత) మీటర్ ఇలాంటి చోట తప్పక కొనదగ్గది.

ఉష్ణోగ్రత సవరణ ఉన్నదే తీసుకోండి. అది లేకపోతే డిగ్రీకి దాదాపు 2 శాతం తేడా వస్తుంది, మధ్యాహ్నపు కాలువ నీరు ఉన్నదానికంటే ఉప్పగా కనిపిస్తుంది. ఈసీ సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ అని ముందే తెలిసిన ద్రావణంతో తరచూ కాలిబ్రేట్ చేయాలి, అంటే రీడింగు సరిచేసుకోవాలి; వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయకూడదు.

మోటారు వేయగానే వచ్చేది పైపులో నిలవున్న నీరు. కాసేపు వదిలాకే పట్టండి. ఈసీ మీటరు పొడవుకు 0.7 డెసిసీమెన్స్ (సెంటీమీటరుకు 700 మైక్రోసీమెన్స్) లోపుంటే లవణాల బెడద లేనట్టే. 3 దాటితే చిక్కుడు, ఉల్లి దిగుబడి బాగా పడిపోతుంది, బార్లీ తట్టుకుంటుంది.

అసలు చిక్కు జిడ్డుతో. మురుగులోని సబ్బు, నూనె ఎలక్ట్రోడ్లకు పేరుకుంటే మీటర్ తక్కువ చూపిస్తుంది, రైతు నీరు బాగుందనుకుంటాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, శుభ్రమైన నీటితో కడగాలి.

బ్యాక్టీరియా, సీసం, కాడ్మియం దీనికి అసలే కనపడవు. ఈసీ తక్కువుందని పచ్చిగా తినే ఆకుకూరలకు మురుగు కలిసిన నీరు పెట్టొద్దు. దానికి ల్యాబ్ పరీక్షే దారి.

నిర్మాణాలు మొదలవకముందు నుంచే తేదీ వేసి రీడింగులు రాసుకోండి. నీరు ఎప్పటినుంచి మారిందో అధికారులకు చూపడానికి అవి అక్కరకొస్తాయి.