పాత తెరచాప పడవకు కొత్త రిగ్గింగ్: చెన్నై వర్క్‌షాప్ పనితనంపై సమీక్ష

కృష్ణపట్నంలోనూ జువ్వలదిన్నెలోనూ ఇంజను పడవలు బాగుచేసే మేస్త్రీలకు కొదవ లేదు గాని, తెరచాప కట్టే స్తంభమైన మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు వైర్లను, అంటే రిగ్గింగ్‌ను, పరీక్షించి మార్చగలవారు నాకు నెల్లూరు చుట్టుపక్కల దొరకలేదు. అందుచేత చెన్నైలో కొనదలచిన పాత పడవ రిగ్గింగ్‌ను అక్కడి ఒక చిన్న వర్క్‌షాప్‌కే అప్పగించాను.

అమ్మేవారు వైరుకు అయస్కాంతం ఆనించి, అంటుకోలేదు కాబట్టి మేలురకం 316 స్టీలేనని నమ్మబలికారు. వేడి చేయకుండా లాగి తీసిన తీగకు రకం ఏదైనా కొంత అయస్కాంత గుణం రావచ్చు గనుక, స్టీలు సామాన్ల కొట్లో చేసే ఆ పరీక్షతో ఇక్కడ ఏదీ తేలదు. పైగా రకం తెలిసినా వయసు తెలియదు. స్టీలు రిగ్గింగ్‌ను 10 నుంచి 15 ఏళ్లలోపు మార్చాలన్నది రిగ్గర్ల మాట. మన తీరపు ఎండకూ ఉప్పుగాలికీ చిన్న అంకెనే పట్టుకోవడం క్షేమం. ఎప్పుడు మార్చారో రసీదు చూపలేని పడవకు, వైర్లు ఎంత తళతళలాడుతున్నా, కొత్త రిగ్గింగ్ ఖర్చును ధరలో తగ్గించమని బేరమాడాలి.

మాస్ట్ దించకుండా ఏమీ చెప్పలేమని వర్క్‌షాప్‌వారు మొదటే అన్నారు. వారి మీద నాకు గురి కుదిరింది అక్కడే. దించాక వారు ఎక్కువసేపు చూసింది వైర్ల కింది కొసలకు నొక్కి బిగించిన స్వేజ్ గొట్టాలనే. వైరు వెంట జారిన ఉప్పునీరు ఆ గొట్టం నోట్లో నిలిచిపోతుంది. అక్కడ గాలి ఆడక, స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర తిరిగి ఏర్పడక, లోపలినుంచి తుప్పు తిని గొట్టం నిలువునా చీలుతుంది. గొట్టానికి పగుళ్లలోకి ఇంకే ఎర్రని ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, ఇంకిన రంగును పైకి లాగే తెల్లటి డెవలపర్ చల్లగానే, అంతవరకు నున్నగా కనిపించిన చోట పగులు వెంట్రుకంత ఎర్రగీతగా తేలింది. ఇంకో వైరులో గొట్టం అంచునే ఒక పోగు తెగి ఉంది. 1×19 అల్లికలో ఉండేవే 19 పోగులు. ఒకటి తెగినా ఆ వైరు పనికిరాదు, మిగిలినవీ దాని ఈడువే గనుక అన్నీ మార్పించాను. కింది కొసలకు స్వేజ్ బదులు విప్పి చూడగల టెర్మినళ్లు (కొసన బిగించే అమరికలు) వేయించాను; ధర ఎక్కువే అయినా, లోపల వైరును పట్టి ఉంచే శంకువు లాంటి ముక్క (కోన్) మార్చుకుని మళ్లీ వాడుకోవచ్చు, మామూలు స్పానర్లతో ఇక్కడే బిగించుకోవచ్చు. బాగున్న పాలిస్టర్ తాళ్లను మార్చమని వారు ఒత్తిడి చేయలేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. వైర్లను పడవకు పట్టి ఉంచే చైన్‌ప్లేట్లను నేను అడిగేదాకా విప్పలేదు. డెక్కులోంచి దిగే చోట, కంటికి కనబడనంత లోపల తుప్పు తినేవి అవి. తీరా విప్పితే బోల్టులు కొన్ని సన్నబడి ఉన్నాయి. బిల్లులో ‘స్టీలు వైరు’ అని మాత్రమే రాశారు. చెప్పిన గడువూ దాటింది. అయినా ఈ వర్క్‌షాప్‌కు పని ఇవ్వవచ్చు. చైన్‌ప్లేట్లు విప్పి చూడాలనీ, వైరు గ్రేడు, మందం, మార్చిన తేదీ బిల్లులో ఉండాలనీ అడ్వాన్సు ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోవాలి.