కార్కసోన్: మంచు తుఫాను రోజున ఇంటిల్లిపాదీ ఆడుకునే ఆట

స్కూళ్లు మూసేశారు, ఆఫీసులకు సెలవు, తలుపు తీస్తే గుమ్మం దాకా మంచు. మళ్లీ రోడ్లు తెరిచేదాకా అందరూ ఇంట్లోనే. అలాంటి రోజు కోసం ఏ బోర్డు గేమ్ కొని పెట్టుకోవాలి అని అడిగేవాళ్లకు నేను కార్కసోన్ పేరే చెప్తాను. మా ఇంట్లో వేరే ఆటలు లేక కాదు. పెద్దాయన నుంచి రెండో క్లాసు పిల్లాడి దాకా అందరినీ ఒకే బల్ల చుట్టూ, ఎవరినీ తొందరపెట్టకుండా కూర్చోబెట్టగలిగింది ఇదొక్కటే.

తెలియనివాళ్ల కోసం ఆట గురించి క్లుప్తంగా చెప్తాను. దీన్ని రూపొందించింది క్లాస్ యుర్గెన్ వ్రేడె. 2000లో జర్మనీలో వచ్చింది, మరుసటి ఏడాదే అక్కడ బోర్డు గేమ్‌లకిచ్చే పెద్ద అవార్డు 'ష్పీల్ దెస్ యారెస్' గెలుచుకుంది. పేరు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓ పాత కోట పట్టణానిది. పెట్టెలో 72 చదరపు అట్ట టైల్స్ ఉంటాయి. వాటి మీద కోటగోడలు, రోడ్లు, పొలాలు, మఠాలు బొమ్మలుగా ఉంటాయి. మన వంతు రాగానే ఒక టైల్ తీసి, రోడ్డుకు రోడ్డు, కోటకు కోట కలిసేలా బల్ల మీద ఉన్నవాటి పక్కన పెట్టాలి. కావాలంటే దాని మీద మన రంగు చెక్క మనిషిని నిలబెట్టొచ్చు. రోడ్డు పూర్తయితే టైల్‌కు 1 పాయింటు, కోట పూర్తయితే టైల్‌కు 2, మఠం చుట్టూ 8 టైల్స్ నిండితే మొత్తం 9. పూర్తవగానే మన మనిషి మన చేతికి తిరిగొస్తాడు. ఇంతవరకూ తెలిస్తే ఆట మొదలుపెట్టేయొచ్చు. ముప్పావుగంటలో ముగించేయొచ్చు కూడా. మేం మాత్రం గంట దాటినా పట్టించుకోం.

ఇందులో నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది, చాలామంది దాన్ని చదివి వదిలేస్తారు. టైల్ తీసినవాళ్లు దాన్ని దాచుకోకూడదు, అందరికీ చూపించాలి, ఎక్కడ పెడితే బాగుంటుందో మిగతావాళ్లు సలహా చెప్పొచ్చు. ఇది మేం కల్పించుకున్నది కాదు, మొదట్లో ఇంగ్లీషులో వచ్చిన రూల్స్ పుస్తకంలోనే ఉంది. బయటికెళ్లే పని లేని రోజున ఈ ఒక్క రూల్ చేసే మేలు అంతా ఇంతా కాదు. మా మామయ్యగారు టైల్‌ను అరచేతిలో పెట్టుకుని నాలుగువైపులా తిప్పి చూస్తారు. కళ్లజోడు సర్దుకుని, బల్ల మీద పరిచినదానికేసి చూసి, మళ్లీ తిప్పుతారు. మామూలు రోజయితే "త్వరగా తాతయ్యా" అని పిల్లలు గోల పెట్టేవాళ్లే. ఆ రోజు మాత్రం మా అమ్మాయి ఆయన భుజం మీద గడ్డం ఆనించి, "అక్కడొద్దు తాతయ్యా, అది తమ్ముడి కోట. ఇక్కడ పెట్టు, నీ రోడ్డు పూర్తయిపోతుంది" అని వేలితో చూపిస్తుంది. "ఉండవే, ఆ మూలలోకి పట్టే ముక్క ఇంకా మిగిలిందంటావా?" అని ఆయన అడుగుతారు. ఇక చర్చ మొదలు. నాలుగు వైపులా కోటే ఉన్న టైల్ మొత్తం పెట్టెకు ఒక్కటే, మఠాలు ఆరు, ఏవేవి అయిపోయాయో మా అబ్బాయి టకటకా చెప్పేస్తాడు. పక్కవాళ్ల వంతు కదా అని ఎవరూ ఫోన్ తీయరు. వాళ్లు పెట్టే టైల్ మన కోటకే తగలొచ్చు మరి.

టైల్స్ మీద ఎక్కడా చదవాల్సింది ఉండదు. ఇంగ్లీషు ఇబ్బందయ్యే పెద్దవాళ్లకు ఇది ఎంత వెసులుబాటో ఇంట్లో చూస్తేగానీ తెలియదు. కార్డులు చదివి ఆడే ఆటల్లో మామయ్యగారు కాసేపటికే "మీరాడుకోండమ్మా" అని లేచిపోయేవారు. ఇందులో ఆయన్ని ఎవరూ లేపలేరు.

తుఫాను రోజుకు పనికొచ్చే సంగతులు ఇంకా ఉన్నాయి. ఆట మధ్యలో ఎవరూ ఔటైపోరు, కాబట్టి ఓడినవాళ్లు మూల కూర్చుని చూడాల్సిన పని లేదు. మధ్యలో ఎవరైనా లేవాల్సొచ్చినా ఇబ్బంది లేదు. మంచంతా పేరుకుపోయాక ఒకేసారి తీయడం కన్నా కురుస్తుండగానే కొంచెం కొంచెం తీయడం నడుముకు సులువు కాబట్టి, మా ఆయన పార పట్టుకుని వెళ్లి వస్తూ ఉంటారు. ఆయన వచ్చేదాకా ఆట బల్ల మీద అలాగే ఉంటుంది. కరెంటు పోయినా ఆడొచ్చు. అయితే టార్చి వెలుతురులో నలుపు, నీలం రంగు చెక్క మనుషులు ఒకలాగే కనిపిస్తారు, ఆ రెండు రంగులూ కలిపి తీసుకోకండి.

గొడవలు రావా అంటే, వస్తాయి. మనం కష్టపడి కట్టుకున్న కోటకు పక్కవాళ్లు తమ కోటను కలిపేయొచ్చు. అందులో ఎవరి మనుషులు ఎక్కువుంటే పాయింట్లన్నీ వాళ్లవే, మా అబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగేది అక్కడే. కానీ ఇద్దరికీ సమానంగా ఉంటే ఇద్దరికీ పూర్తి పాయింట్లు వస్తాయి, సగం సగం కాదు. ఈ సంగతి అర్థమయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి ఒకే పెద్ద కోట కట్టడం మొదలుపెట్టారు. దాన్ని మూసే చివరి టైల్ ఎవరి చేతికి వచ్చినా ఇద్దరూ ఒకేసారి కేక పెడతారు. పిల్లలకు సర్దుకుపోవడం గురించి నేను చెప్పిన మాటలన్నిటికన్నా ఇది బాగా పనిచేసింది.

పొలాల రూల్ మాత్రం మొదట్లో పక్కన పెట్టేయండి. పొలంలో పడుకోబెట్టిన మనిషి ఆట అయ్యేదాకా తిరిగిరాడు. ఆ పొలాన్ని ఆనుకుని పూర్తయిన ఒక్కో కోటకు చివర్లో 3 పాయింట్లు వస్తాయి. ఏ పొలం ఎక్కడిదాకా ఉందో తేల్చడం పెద్దవాళ్లకే తికమక. పిల్లలకు కోటలు, రోడ్లు బాగా అలవాటయ్యాక కలుపుకుంటే చాలు. తర్వాత్తర్వాత మాత్రం ఈ రూల్ లేకుండా ఆడితే నాకు ఆట చప్పగా అనిపిస్తుంది.

ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడొచ్చు. ఆరోవాళ్లు ఉంటే 'ఇన్స్ అండ్ కథీడ్రల్స్' అనే అదనపు పెట్టె కొనాలి, లేదంటే పెద్దవాళ్లలో ఇద్దరు ఒక జట్టుగా కూర్చోవచ్చు, మాకు అదే బాగుంది. చిన్న టీపాయ్ మీద ఆడదామనుకోకండి, ఆట ఎటు పెరుగుతుందో ముందే చెప్పలేం, అందుకే భోజనాల బల్లయినా నేలయినా విశాలంగా చోటుండాలి. కొనదలుచుకుంటే చలికాలం మొదలవకముందే తెప్పించుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చాక ఆర్డరు పెడితే రోడ్లు తెరిచాకే చేతికొస్తుంది.