అగ్గిపెట్టెలోంచి ఒక్క పుల్ల: ఏ అట్టపెట్టె మేలు?

నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అగ్గిపెట్టెకు గడ్డుకాలం. పైజిల్లాల్లో వానలు వెనకబట్టే వేళకు మనకు ఈశాన్య రుతుపవనాలతో అసలు వాన మొదలవుతుంది. కార్తీక దీపాలూ అప్పుడే. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దగ్గర చూడండి: స్నానం చేసి వచ్చిన తడి చేతులతో పెట్టె తెరుస్తారు, ఒక పుల్ల తీయబోయి పది పుల్లల మందు తడుపుతారు. పుల్ల తలకున్న మందును పట్టి ఉంచేది జిగురు. ఆ జిగురు తేమను పీల్చుకుంటుంది. మెత్తబడిన మందు గీయగానే రాలిపోతుంది తప్ప అంటుకోదు. పక్కనున్న గీసే పట్టీ తడిసినా అంతే.

నాది అట్టపెట్టెల పని. స్వీటు డబ్బాలకు, చీరల పెట్టెలకు డై (అట్టను కోసే కత్తుల అచ్చు) గీయించి పంచింగు చేయించే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఏ పెట్టె చేతికి వచ్చినా ముందు దాని మడతలు విప్పి చూస్తాను. అగ్గిపెట్టె మీద నాకు మొదటినుంచీ ఒక ఆశ ఉంది: పెట్టే పుల్లను అందించాలి. ఒక్కసారికి ఒక్క పుల్ల, అదీ మందు తల వైపు నుంచి కాకుండా తోక వైపు నుంచి చేతికి రావాలి. గీసే సమయానికి పెట్టె మూసి ఉండాలి. ఈ రెండూ జరగని పెట్టె ఎంత తెలివిగా మడిచినా నా లెక్కలో తప్పినట్టే.

వీటికి తోడు మూడో షరతు డబ్బుది. పెట్టె ధర 2007లో రూపాయి అయింది, 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలు. ఆ పెంపుకు ముందు 600 పెట్టెల బండిల్ 270-300 రూపాయల మధ్య పోయేది. దాన్ని 430-480 రూపాయలకు పెంచారు. భాగించి చూడండి, అప్పటి లెక్కన పన్నూ రవాణా కాక పెట్టెకు 72 నుంచి 80 పైసలు. అందులోనే చెక్క, మందు, మైనం, అట్ట, కూలి, లాభం అన్నీ ఇమడాలి. ఆనాడు తయారీదారులు చెప్పిన కారణాల్లో ఎర్ర భాస్వరం ధరతో పాటు అట్ట ధర కూడా ఉంది: లోపెట్టె అట్ట రేటు 32 రూపాయల నుంచి 58కి చేరిందన్నారు. కాబట్టి అదనంగా అట్ట అడిగే నమూనా ఏదైనా అగ్గిపెట్టెలు తయారుచేసే శివకాశి గడప దాటదు. కొత్తదనం కోతలో చూపించాలి.

ఇప్పుడున్న సొరుగు పెట్టెను తక్కువ చేయకూడదు. పైతొడుగు ఒకటి, లోపల సొరుగు ఒకటి, రెండే ముక్కలు. వేలితో నెడితే తెరుచుకుంటుంది, నెడితే మూసుకుంటుంది. దాని లోపాలు రెండు. మొదటిది, ఏ వైపు తెరిస్తే తలలు వస్తాయో, ఏ వైపు తెరిస్తే తోకలు వస్తాయో తెరిచేదాకా తెలియదు. రెండోది, సొరుగుకు ఆగే చోటు లేదు. కాస్త ఎక్కువ లాగితే సొరుగు చేతిలోకి, పుల్లలు నేలమీదికి. కంట్లో శుక్లాలున్న అవ్వ చీకట్లో కరెంటు పోయినప్పుడు పెట్టె తెరిచే తీరు చూసినవాళ్ళకు ఈ రెండో లోపం ఎంత పెద్దదో తెలుసు.

అందరికీ ముందు తట్టే మార్పు, గోడపెట్టె. నిలువుగా పొడుగాటి పెట్టె, అందులో అడ్డంగా పేర్చిన పుల్లలు, అడుగున సన్నటి సందు, కింద చిన్న దొప్ప. ఒక పుల్ల తీస్తే దాని చోటికి మరొకటి దిగుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నాకూ ఇష్టమే. అయితే అట్టతో చేయబోతే లెక్క ఎక్కడ బిగుసుకుంటుందో చూడాలి. పుల్ల మందం 2 మిల్లీమీటర్లు, మందు తల 3 మిల్లీమీటర్లు అనుకుందాం. యాభై పుల్లలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే తోకల వైపు ఎత్తు 10 సెంటీమీటర్లు, తలల వైపు 15. అంటే పుల్లలు చదునుగా కూర్చోవు, విసనకర్రలా విచ్చుకుంటాయి. అది జరగకుండా గది వెడల్పు పెంచి తలల్ని అటూ ఇటూ సర్దుకోనిస్తే, కిందికి వచ్చేసరికి రెండు తలలు ఒకదానికొకటి ఆనుకుని వంతెన కడతాయి. కింద సందు ఖాళీగా ఉంటుంది, పైన పుల్లలు నిండుగా ఉంటాయి. పెట్టెను తట్టాలి.

అంతకన్నా పెద్ద చిక్కు సందు ఎత్తు. తల దూరాలంటే 3 మిల్లీమీటర్లకు మించాలి. రెండు పుల్లలు కలిసి రాకూడదంటే 4కు లోపు ఉండాలి. మూడున్నర పెడతాం అనుకోండి, అటూ ఇటూ మనకున్న వెసులుబాటు అర మిల్లీమీటరు. ప్లాస్టిక్ అయితే ఆ అర మిల్లీమీటరు ఏడాదంతా అలాగే ఉంటుంది. అట్ట అలా కాదు. నవంబరులో తుపాను పట్టి నాలుగు రోజులు ముసురు వదలకపోతే అంచులు ఉబ్బుతాయి, సందు పెదవి కిందికి వాలుతుంది, ఇక పుల్ల రాదు. వేసవి ఎండకు అదే పెదవి పైకి లేస్తే రెండేసి, మూడేసి రాలతాయి.

గోడపెట్టె చేయాలనుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. సేఫ్టీ అగ్గిపుల్ల కిటుకంతా రెండు మందుల్ని వేరుగా ఉంచడంలో ఉంది. 1844లో స్వీడన్‌లో గుస్తాఫ్ ఎరిక్ పాష్ చేసిన ఆలోచన అది: పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, పెట్టె పక్కన పట్టీలో ఎర్ర భాస్వరం. ఈ రెండూ పొడిగా కలిస్తే కొద్దిపాటి రాపిడికే భగ్గుమంటుంది. పుల్ల అందేచోటే గీసేద్దామని సందు పక్కనే పట్టీ అంటించారంటే, గీసిన ప్రతిసారీ రాలే భాస్వరపు పొడి దొప్పలో పుల్లల తలల మీద పడుతుంది. గీసిన పుల్ల నిప్పురవ్వ కూడా అక్కడే పడుతుంది. పట్టీని పెట్టె వెనక్కో, సందుకు ఎదుటి పక్కకో పంపాలి. ఈ విషయంలో బేరం లేదు.

ఇన్ని చిక్కులున్నా గోడపెట్టెకు ఒక చోటుంది, టీ బంకు. ఆత్మకూరు బస్టాండు వైపు బంకు నడిపే ఒకాయన్ను ఈ మాట అడిగితే, "గోడకి కొట్టిందయితే ఎవురూ జోబీలో ఏసుకోని పోరబ్బయ్యా" అన్నాడు. నేను పుల్ల ఎలా జారుతుందా అని ఆలోచిస్తుంటే, ఆయన పెట్టె ఎక్కడికి పోతుందా అని ఆలోచిస్తున్నాడు. అడిగి పుచ్చుకున్న పెట్టె తిరిగిరాకపోవడం బంకువాళ్ళకు రోజూ ఉండే నష్టం. పైగా బంకులో ఎప్పుడూ పొయ్యి వెలుగుతుంటుంది కాబట్టి గోడ పొడిగా ఉంటుంది, పెట్టె కదలదు, బిగుసుకుంటే తట్టడానికి మనిషి ఉంటాడు. అక్కడ గోడపెట్టె పెట్టమనే చెబుతాను, పొయ్యి సెగ తగలనంత దూరంలో.

మూడోది పుస్తకం మడత. అట్టపుల్లలు దువ్వెన పళ్ళలా ఒకే మొదలుకు అతుక్కుని ఉంటాయి, ఒకటి చించి గీయాలి. ఒక్కసారికి ఒక్క పుల్ల అనే షరతును ఇంత కచ్చితంగా తీర్చే నమూనా మరొకటి లేదు. 1892లో అమెరికాలో జాషువా ప్యూసీ దీనికి పేటెంటు తీసుకున్నప్పుడు గీసే పట్టీ లోపలే, పుల్లల పక్కనే ఉండేది. తరవాత దాన్ని బయటికి తెచ్చారు. మూత తెరిచి ఉండగానే గీసే అలవాటు జనానికి పోక, చివరికి 1978లో అమెరికా ప్రభుత్వ నిబంధనే పట్టీని వెనక అట్ట మీదికి పంపింది. గీసే సమయానికి పెట్టె మూసి ఉండాలన్న నా షరతుకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మనవైపు మాత్రం ఇది పనికిరాదు. మైపాడు, కొత్తపట్నం గాలికి అట్టపుల్ల నిలబడదు, ముసురుకు మెత్తబడి గీసేటప్పుడే వంగిపోతుంది. ప్రమిద ఒత్తి అంటుకునేదాకా కాలడానికి దాని పొడుగూ చాలదు.

బొటనవేలితో తోసే రకం ఇంకొకటి ఉంది: పైతొడుగు మీద కిటికీ, చివర సందు, వేలితో పై పుల్లను తోస్తే సందులోంచి బయటికి వస్తుంది. పుల్లలు తగ్గేకొద్దీ వాటిని పైకి ఎత్తడానికి అడుగున మడత అట్ట స్ప్రింగు కావాలి. అంటే అదనపు అట్ట. కిటికీ ఉన్న పెట్టె గీసేటప్పుడు కూడా తెరిచి ఉన్నట్టే, అందులోంచి తేమ కూడా నేరుగా లోపలికి వెళుతుంది. మూడు షరతుల్లో రెండు దగ్గర ఓడింది, దీన్ని ఇక్కడే వదిలేస్తాను.

నేను ఓటు వేసేది ఆగే సొరుగుకు. పాత పెట్టే, పాత అట్టే, కోత మాత్రం కొత్తది. సొరుగు ఒక్క వైపే, అదీ ఒకటిన్నర సెంటీమీటరు దాకానే తెరుచుకుంటుంది. పుల్ల పొడుగు సుమారు నాలుగు సెంటీమీటర్లు కాబట్టి ఇంకా రెండున్నర సెంటీమీటర్లు తొడుగు కిందే ఉంటుంది. తెరుచుకున్న మేర తోకలు మాత్రమే కనిపిస్తాయి. సొరుగు ముందు గోడ మధ్యలో, గోడ ఎత్తులో సగం దాకా, అర్ధచంద్రంలా కోత పెడితే వేలికొనతో ఒక తోకను పైకి లేపి లాగేయొచ్చు. పెట్టె తలకిందులైనా పుల్లలు కుప్పగా రాలవు, తొడుగూ ముందు గోడా కలిసి పట్టి ఉంచుతాయి. గోడపెట్టెలో ఒక్క పుల్లను ఏరే బాధ్యత అర మిల్లీమీటరు అట్టది. ఇక్కడ ఆ బాధ్యత వేలిది. వేలికి ముసురైనా ఎండైనా ఒకటే.

ఆపేది ఎలా అంటే, పైతొడుగు మడిచి అంటించేచోట రెండు పొరలు కలుస్తాయి కదా, అందులో లోపలి పొరకు మూడు వైపులా కోసి చిన్న నాలుక తీయాలి. బయటి పొర ఆ కోతను కప్పేస్తుంది కాబట్టి తేమకు దారి ఉండదు. నాలుక మొదలు పెట్టె ముందు వైపు, కొన వెనక వైపు ఉండాలి. సొరుగును తొడుగులోకి ఎక్కించేటప్పుడు దాని వెనక గోడ నాలుకను పైకి నెట్టుకుంటూ దాటిపోతుంది. తిరిగి లాగితే అదే గోడ నాలుక కొనకు తట్టుకుని ఆగుతుంది. కొన వెనక అంచుకు ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి ఉంటే లెక్క సరిపోతుంది. సొరుగు వెనక వైపు నుంచి బయటికి పోకుండా ముందు గోడ రెండు మూలల్నీ 2 మిల్లీమీటర్లు ఎత్తుగా వదిలితే చాలు, అవి తొడుగు అంచుకు ఆనుకుంటాయి. వీటిలో ఏదీ కొత్త ముక్క కాదు, అన్నీ డైలో కత్తి గీతలే.

మూసుకోవడం సంగతి. గీయడానికి పెట్టెను పట్టుకున్నప్పుడు దాని ఒక చివర అరచేతికి ఆనుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన సొరుగు ఆ ఒత్తిడికే లోపలికి పోతుంది. ఒకటిన్నర సెంటీమీటరే కాబట్టి ఒక్క నొక్కు చాలు. మామూలు పెట్టెలో సగం తెరిచి ఉన్న సొరుగుతోనే గీసేవాళ్ళను ఎందరినో చూస్తాం. అక్కడ నిప్పురవ్వకు ఎదురయ్యేవి చాలాసార్లు తలలే. ఇక్కడ పొరపాటున తెరిచి గీసినా ఎదురయ్యేవి తోకలు.

మన వాతావరణానికి ఇంకో పని చేయాలి, గ్రెయిన్ చూసుకోవాలి. అట్టలో కాగితపు నారలు ఒక దిక్కుకు పడుకుని ఉంటాయి. తేమ తగిలితే నారల వెంబడి కన్నా నారలకు అడ్డంగా అట్ట ఎక్కువ సాగుతుంది. తొడుగుకు గ్రెయిన్ పెట్టె పొడుగు వెంబడి పెడితే, ముసురుకు దాని చుట్టుకొలత కాస్త పెరుగుతుంది. సొరుగుకు గ్రెయిన్ వెడల్పు వెంబడి పెడితే దాని వెడల్పు పెద్దగా మారదు. అంటే వానాకాలంలో పెట్టె బిగుసుకోవడం పోయి కొద్దిగా వదులవుతుంది. పైగా తొడుగు గ్రెయిన్ పొడుగునా ఉంటే నాలుక మడత గ్రెయిన్‌కు అడ్డంగా పడి, నాలుక గట్టిగా నిలుస్తుంది. షీటు మీద డై వేసేటప్పుడు రెండు ముక్కల్ని రెండు దిక్కులకు తిప్పి వేయాలి, వృథా కొంచెం పెరగొచ్చు. ఆ కాస్త వృథాకు వెనకాడకూడదు.

దీని అసలు బరువు పడేది పెట్టెలు నింపేవాళ్ళ మీద. ఇప్పుడు సొరుగును తొడుగులోకి ఏ వైపు నుంచి ఎక్కించినా నడుస్తుంది. ఆగే సొరుగుకు తలలన్నీ వెనక గోడ వైపే ఉండాలి, సొరుగు ముందు వైపు నుంచే ఎక్కాలి. ముక్కల లెక్కన కూలి తీసుకునే చేతులకు ప్రతి పెట్టెనూ ఓసారి చూసుకోమనడం చిన్న విషయం కాదు. అందుకని సొరుగు ముందు గోడకు బయట రంగు పట్టీ అచ్చు వేయాలి. రంగు కనిపించే వైపు తోకలు, అంతే. లేబులు ఎలాగూ అచ్చవుతుంది, ఈ పట్టీకి మాత్రం సొరుగు అట్టకు కూడా ఒక రంగు అచ్చు కావాలి. ఈ నమూనాకు నిజంగా అయ్యే అదనపు ఖర్చు ఇదే.

నాలుక అరిగిపోతే? పెట్టె మామూలు సొరుగు పెట్టె అవుతుంది, పుల్లలు అయిపోయేదాకా వాడుకోవచ్చు. గోడపెట్టె సందు చెడితే విప్పి, పుల్లలు ఇంకో డబ్బాలో పోసుకోవాలి. చౌకగా అమ్మే వస్తువు ఎలా చెడుతుందో కూడా ముందే చూసుకోవాలి కాబట్టి, ఇంటికైతే నేను ఆగే సొరుగే తీసుకోమంటాను.

జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు పడవల మీద పోయేవాళ్ళకు మాత్రం ఈ అట్ట నమూనాలు ఏవీ చెప్పను. ఉప్పునీటి తుంపరకు ఏ గ్రెయినూ ఆగదు. మరమూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పుల్లలూ, కోసిన గీసే పట్టీ ముక్కా వేసుకోండి. పట్టీ ముక్కను కవరులో చుట్టి విడిగా పెట్టండి, తలలకు రాసుకోకుండా.