యూరైల్ పాస్: క్రైస్తవ సంఘాలను చూడబోయే చెన్నై దంపతులకు ఎంతవరకు పనికొస్తుంది?

చెన్నైలో అమ్మే యూరప్ ప్యాకేజీల్లో పారిస్, స్విస్ మంచుకొండలు, రోమ్ ఉంటాయి. జర్మనీలో ప్రొటెస్టెంట్ చరిత్రకి ముఖ్యమైన విట్టెన్‌బర్గ్, హాలె, హెర్న్‌హూట్ లాంటి ఊళ్ళు ఉండవు. ఆ ఊళ్ళు చూస్తూ, దారిలో తెలిసిన విశ్వాసుల ఇళ్ళలో ఆగుతూ వెళ్ళాలంటే రైలే సుఖం. అందుకు యూరైల్ గ్లోబల్ పాస్ (చాలా యూరప్ దేశాల రైళ్ళకి పనికొచ్చే ఒకే టికెట్) మంచి సాధనమే, కానీ అన్ని దేశాల్లోనూ ఒకేలా పనిచేయదు.

పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. భార్యకొకటి, భర్తకొకటి కొనాలి. 60 దాటినవారికి 10 శాతం తగ్గింపు. మూడు వారాల ప్రయాణానికి ‘నెలలో 7 రోజులు’ అనే రకం సరిపోతుంది. నెలలో మీకు నచ్చిన ఏడు రోజులు ఎంచుకోవచ్చు, ఆ రోజు ఎన్ని రైళ్ళైనా ఎక్కవచ్చు.

దీని అసలు విలువ జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో తెలుస్తుంది. అక్కడ పగటి రైళ్ళలో చాలావాటికి సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. జర్మనీలో ముందుగా చవకగా కొన్న టికెట్ దానిమీద రాసిన ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. పాస్‌కి ఆ కట్టుబాటు లేదు. ఆరాధన అయ్యాక సంఘంవాళ్ళు “భోంచేసి వెళ్ళండి” అంటే వాచీ చూసుకుంటూ లేవనక్కర్లేదు, తర్వాతి రైలు ఎక్కవచ్చు. మనుషుల్ని కలవడానికి వెళ్ళేవారికి ఇంతకన్నా పెద్ద సదుపాయం లేదు.

ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో లెక్క వేరు. టీజీవీ, ఫ్రెచారోస్సా, ఏవీఈ లాంటి వేగపు రైళ్ళకి పాస్ ఉన్నా రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాలి. టీజీవీ, యూరోస్టార్‌లలో పాస్‌వాళ్ళకిచ్చే సీట్లు పరిమితం, సెలవుల్లో త్వరగా అయిపోతాయి. పారిస్, రోమ్ మాత్రమే చూసేవారు పాస్ కొనకుండా విడి టికెట్లు ముందుగా తీసుకోవడమే లాభం. ఫ్రాన్స్‌లో క్రైస్తవ ఆశ్రమం ఉన్న టైజే అనే పల్లెకి వెళ్ళేవారికి ఒక దారి ఉంది: జెనీవా నుంచి లియాన్, అక్కడినుంచి మాకోన్ విల్ దాకా టీఈఆర్ ప్రాంతీయ రైళ్ళు. వీటికి రిజర్వేషన్ అక్కర్లేదు. మాకోన్ నుంచి బస్సు, దానికి పాస్ చెల్లదు.

పాస్ రోజుల్ని చిన్న ప్రయాణాలకి తగలెయ్యకండి. హాలె నుంచి విట్టెన్‌బర్గ్ గంటలోపు దూరం, ఆ టికెట్ విడిగా కొనండి. డ్రెస్డెన్ నుంచి జెనీవా లాంటి దూరప్రయాణం ఉన్న రోజుకి పాస్ వాడండి. జర్మనీలోనే ఎక్కువ రోజులు ఉంటే జర్మనీ అంతటా చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్‌ని కూడా పోల్చిచూడాలి. 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. వేగపు ఐసీఈ రైళ్ళకి చెల్లదు గానీ ప్రాంతీయ రైళ్ళు, ట్రాములు, సిటీ బస్సులు అన్నీ వస్తాయి. హెర్న్‌హూట్‌కి రైలు లేదు, లోబావు లేదా చిట్టావు దాకా రైల్లో వెళ్ళి బస్సెక్కాలి. యూరైల్ ఆ బస్సుకి పనికిరాదు, ఈ టికెట్ పనికొస్తుంది. అయితే ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెలతో ఆపాలంటే 10వ తేదీలోపు రద్దు చేసుకోవాలి, మరిచిపోతే ఇంకో నెల డబ్బు పోతుంది.

తెలుగువాళ్ళు హాలెని మాత్రం వదలొద్దు. మద్రాసులో మిషన్ నడిపిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్‌జె బైబిలుని తెలుగులోకి అనువదించాడు, అది అచ్చుకాలేదు. 1743లో ఇండియా విడిచి హాలె చేరాక 1746, 1747ల్లో అక్కడ తెలుగు లిపిలో చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. 1706లో తరంగంబాడిలో దిగిన మిషనరీ జీగెన్‌బాల్గ్‌ని తయారుచేసిందీ హాలె వాతావరణమే. స్టేషన్ నుంచి ఫ్రాంకె సంస్థల ఆవరణకి నడిచి వెళ్ళవచ్చు. పాత గ్రంథాలయం, మిషనరీలు ఇండియా నుంచి పంపిన వస్తువులున్న గది చూడండి. సోమవారం మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు విట్టెన్‌బర్గ్‌కి పెట్టుకోండి. అక్కడి కోట చర్చిలో ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ సమాధి ఉంది. లూథర్ రాసిన 95 వాదాలున్న కంచు తలుపులు 1858 నాటివి, ఆయన వాటిని అంటించాడని చెప్పుకునే 1517 నాటి చెక్క తలుపులు కావు.

పాస్ వాడేటప్పుడు ఎక్కువమంది తడబడేది పాస్ ఉండే ఫోన్ యాప్ దగ్గరే. పాస్ కొన్న 11 నెలల్లోపు మొదలుపెట్టాలి, వీసా వచ్చేదాకా యాక్టివేట్ చేయకండి. రైలెక్కే ముందే ఆ ప్రయాణాన్ని యాప్‌లో చేర్చి, పాస్‌కి జోడించి, క్యూఆర్ కోడ్ తెరపైకి తెచ్చుకోవాలి. రైల్లో టీసీ వచ్చాక చేర్చితే టికెట్ లేనట్టే లెక్క. మూడు రోజులకోసారైనా ఫోన్‌కి ఇంటర్నెట్ తగలాలి, పవర్ బ్యాంక్ చేతిసంచిలో ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరుని ఒకచోట ఇనీషియల్‌గా, ఇంకోచోట పూర్తిగా రాయడం మనవాళ్ళ అలవాటు. వీసా, ఇన్సూరెన్స్, పాస్ మూడింటిలో ఒక్కటే రూపం ఉండాలి.

షెంగెన్ వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఫ్రాన్స్‌లో విశ్వాసుల ఇంట్లో ఉంటే వాళ్ళు రాసిన ఉత్తరం చాలదు. అక్కడి మునిసిపల్ ఆఫీసు ఇచ్చే ఆతిథ్య ధ్రువపత్రాన్ని వాళ్ళు ముందే తీసి పంపాలి.

ఆదివారం ఉదయం రైలు పెట్టుకోకండి. జర్మన్ సంఘాల్లో చాలాచోట్ల ఆరాధన ఉదయం పదింటికి. సూపర్‌మార్కెట్లు ఆరోజు మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోవి తప్ప. ఆతిథ్యమిచ్చే తెలుగువాళ్ళు కరివేపాకు తెమ్మంటారు. పచ్చి ఆకులకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, పాలకోవా, నెయ్యి అసలు తేకూడదు. కందిపొడి, గట్టిగా ప్యాక్ చేయించిన ఆవకాయ తీసుకెళ్ళండి.